మునిరత్నం నడుము

ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, మర్యాదకు రెండు మాటలు మాట్లాడి, చివరికి అడిగేది ఒక్కటే: "మేడం, ఎప్పటికీ పోని నడుం నొప్పికి మీ అనుభవంలో ఏది బాగా పనిచేస్తుంది?" ఏదీ పూర్తిగా పనిచేయదంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. అన్నీ కొంచెం కొంచెం పనిచేస్తాయంటే నమ్మరు. ముప్పై నాలుగేళ్లు నడుములు చూసిన ముసలావిడ ఏదో కిటుకు దాచుకుందని అనుమానపడతారు. కిటుకేమీ లేదు తల్లీ. దాచుకున్నది మాత్రం ఒకటుంది. దాన్నే ఈ కాగితాల మీద పెడుతున్నాను.

నేను ఎప్పుడు ఏ గ్రేడుకు ఎక్కానో, రిటైరైన రోజు ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు. మునిరత్నం అనే ఒక మనిషి నడుము గురించి ఉంటుంది. ఆ నడుము విషయంలో నేను రెండు తప్పులు చేశాను. మొదటిది తెలియక చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. రెండోది తెలిసే చేశాను.

కరెంటు గది

మాది కోలారు బంగారు గనులున్న కేజీఎఫ్‌లో ఒక చిన్న ధర్మాసుపత్రి. నేను పనిచేసిన గదిని అందరూ కరెంటు గది అనేవారు, నన్ను కరెంటు డాక్టరమ్మ అనేవారు. గదిలో వేడి పట్టే మెషీను ఒకటి, చర్మం మీద జివ్వుమనిపించే తీగల మెషీను ఒకటి, నడుముకు బెల్టు కట్టి బరువులు వేలాడదీసి లాగే ట్రాక్షన్ మంచం ఒకటి ఉండేవి. రోజుకు పాతికమంది ఆ మంచం ఎక్కి దిగేవారు.

నేను గని లైన్లలో పుట్టిన పిల్లను. లైన్లంటే గనివాళ్లకు వరసగా కట్టించిన ఒంటిగది ఇళ్లు. తాత మదనపల్లె దగ్గరి పల్లె నుంచి వచ్చి గనిలో దిగాడు. ఆయన తర్వాత నాన్న దిగాడు. మా లైనులో తెల్లకోటు వేసుకున్న మొదటి ఆడపిల్లను నేనే. ఆ గర్వం నాకు తలకెక్కి ఉండేది. "అమ్మా, నీకు తెలీంది ఏముండాది" అని ఎవరైనా అంటే ఆ పూటకు అన్నం అక్కర్లేదు.

పొద్దున్నే మూడు రకాల నడుములు వచ్చేవి. గనిలో డ్రిల్లు పట్టుకుని ఏళ్ల తరబడి అదిరిపోయిన పాత నడుములు. బేతమంగళ వైపు నుంచి టమోటా బుట్టలు మోసే ఆడవాళ్ల నడుములు. మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి, పొద్దంతా పనిచేసి, మళ్లీ రైల్లో నిలబడి ఇల్లు చేరే నడుములు. గనులు మూతపడ్డాక ఈ మూడో రకమే ఎక్కువైంది. వీళ్లందరికీ నేను చెప్పిన మాట ఒకటే: "పది రోజులు కరెంటు పెడితే పోతుంది." అది అబద్ధం. నెలల తరబడి పాతుకున్న నడుం నొప్పి పది రోజుల్లో పోదు. చాలామందికి అది తగ్గుతూ, మళ్లీ లేస్తూ, ఇంట్లో మనిషిలా ఉండిపోతుంది. దానితో ఎలా బతకాలో నేర్పడమే మన పని. నాకు ఆ సంగతి తెలియడానికి పదిహేనేళ్లు పట్టింది.

నేర్పింది కూడా పుస్తకం కాదు. సుగటూరు నుంచి ఒకామె వచ్చేది, రెండు ఆవులున్న మనిషి. పడుకో, విశ్రాంతి తీసుకో అని నేను చెబితే నా మొహంలోకి చూసి, "నేను పండుకుంటాను సరే, పాలు ఇయ్యొద్దని ఆవులకు నువ్వొచ్చి చెప్తావా అమ్మా?" అంది. తర్వాత తనే బిందెను సగం సగం నింపడం మొదలుపెట్టింది. ఒక ఆవు దగ్గర పని కాగానే నాలుగడుగులు నడిచేది, పీట ఎత్తు పెంచుకుంది. రెండు నెలలకోసారి వచ్చి, "నొప్పి ఉండాది, పని జరగతా ఉండాది" అని చెప్పి పోయేది. ఆమెను నేను నయం కాని కేసుల్లో రాసుకున్నాను. ఇప్పుడైతే నా గదిలోకి వచ్చినవాళ్లలో అందరికంటే బాగా బతుకుతున్న మనిషి ఆమే అంటాను.

నాకూ నడుం నొప్పి ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లను మంచం మీంచి లేపి లేపి వచ్చింది. పేషంట్ల ముందు ఎప్పుడూ బయటపడనివ్వలేదు. నొప్పి తగ్గించే మనిషికే నొప్పి అంటే ఎవరు నమ్ముతారని భయం.

పెద్దాయన రెండు ప్రశ్నలు

నా పైన ఎముకల డాక్టరు ఒకాయన ఉండేవారు. ఆసుపత్రిలో అందరం పెద్దాయన అనేవాళ్లం. విరిగిన ఎముకను కూర్చడంలో ఆయన చెయ్యి బంగారం, ఆ మాట కాదనను. కానీ నడుములంటే ఆయనకు విసుగు. ఒక పూటలో నలభై మందిని చూసేవారు. నడుము పట్టుకుని వచ్చినవాళ్లను రెండే ప్రశ్నలు: "ఎన్నాళ్లుగా? కాలికి లాగుతోందా?" జవాబు పూర్తయ్యేలోపే కార్డు మీద రాసేసేవారు. నడుం నొప్పి, వేడి, ట్రాక్షన్, పది రోజులు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకామెను నేను నా తరఫున ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగి, ఎక్స్‌రే తీయిస్తే మంచిదేమో అని ఆయన దగ్గరికి వెనక్కి పంపాను. ఆయన కోపం చేసుకోలేదు. నన్ను పిలిచి చాలా నెమ్మదిగా, "రాజేశ్వరీ, అడగడం నా పని. నువ్వు లాగు," అన్నారు. గదిలో ఉన్న కాంపౌండరు నవ్వాడు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఆ రోజు నుంచి అడగడం మానేసి లాగడం మొదలుపెట్టాను. తప్పు ఆయనదని రాసి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఒక్కసారి మెత్తగా మందలిస్తే ఇరవై ఏళ్లు నోరు మూసుకున్నది నేను. అడగకపోవడం హాయిగా కూడా ఉండేది. పని త్వరగా తెమిలేది.

మునిరత్నం వచ్చిన రోజు

గనులు మూతపడి పదేళ్లు దాటాక మునిరత్నం నా గదికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. పడుచు వయసంతా భూమి లోపల పనిచేసి, గని పోయాక బెంగళూరులో ఒక అపార్టుమెంటు గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాడు. రోజూ మారికుప్పంలో పొద్దుటి రైలెక్కేవాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. వదులైన ప్యాంటును బెల్టుతో బిగించి కట్టుకున్నాడు. ఆ వదులు నా కంట పడింది. ఎందుకు వదులైందని అడగలేదు.

నా పేరు విని గుర్తుపట్టాడు. "మీ నాయన, మా పెద్దన్న ఒగే షిఫ్టులో దిగతా ఉండిరి అమ్మా. నువ్వు మా లైన్ల పాపవే," అన్నాడు.

"ఎన్నాళ్లుగా నొప్పి అన్నా?"

"రెండు మూడు నెలలుగా నొస్తాండాది. మైనింగ్ చేసిన నడుము గదా, కొత్తగా ఏముండాది?"

"పడుకుంటే తగ్గుతోందా?"

కొంచెం ఆగి, "తగ్గతాది," అన్నాడు. ఆ ఆగడం నాకు వినిపించింది. చెప్పిన మాటనే రాసుకున్నాను. ఇంగ పనికి పోవచ్చునా, ఎప్పుడు పోవచ్చును, ఆయన అడిగింది అదే. పది రోజులు సెలవు పెట్టుకుని వచ్చాడు. పదకొండో రోజు గేటు దగ్గర లేకపోతే ఇంకో మనిషిని పెట్టుకుంటారని భయపడుతున్నాడు. ఇంట్లో ఆయన, భార్య గంగమ్మ, ఇద్దరే. ఆ ఇల్లు ఆయన కాళ్ల మీదే నిలబడి ఉంది.

రోజూ చివరి అరగంట ఏడెనిమిది మందిని ఒకచోట చేర్చి బరువు ఎలా ఎత్తాలో నేర్పేదాన్ని. నేల మీద ఒక తువ్వాలు పడేసి, ఒక్కొక్కరినీ తీయమనేదాన్ని. అందరూ నడుం దగ్గర విరిగి వంగేవారు. నేను కసిరేదాన్ని. ఆరో రోజు మునిరత్నం వంతు వచ్చింది. ఆయన మోకాళ్లు మడిచాడు, వీపును పలకలా నిటారుగా ఉంచాడు, ఒక చెయ్యి తొడ మీద ఆనించి కిందికి దిగి, తువ్వాలు తీసి, అలాగే పైకి లేచాడు.

నేను చప్పట్లు కొట్టాను. "చూడండప్పా, గనిలో పనిచేసిన మనిషి. ఇట్ల వంగాల. పదిసార్లు మొత్తుకున్నా మీకు రాలేదు గదా. ఈ అన్నను చూసి నేర్చుకోండి," అని ఆయన చేత ఇంకో రెండుసార్లు తీయించాను. రెండోసారికి ఆయన నుదుటి మీద చెమట పట్టింది. బేతమంగళ ఆడవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఆయన సిగ్గుపడి నవ్వాడు.

మా చదువులో ఇది ఉంది. వెన్నుపూసకు టీబీ పట్టిన మనిషి నేల మీది వస్తువును ఎలా తీస్తాడో బొమ్మ వేసి మరీ చూపించారు. మోకాళ్లు మడిచి, వీపు బిగబట్టి, తొడ మీద చెయ్యి ఆనించి దిగుతాడు. వంగితే ప్రాణం పోయేంత నొప్పి కాబట్టి వంగడు, అంతే. పరీక్షలో ఆ ప్రశ్నకు జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, ఎదురుగా మనిషి చేసి చూపిస్తే చప్పట్లు కొట్టాను.

దగ్గు

ఆ పది రోజుల్లో ఆయన నా గదిలో ఒక్కసారి కూడా దగ్గలేదు. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

గనివాళ్లను అప్పుడప్పుడు వైద్య పరీక్షకు పిలిచేవారు. ఆ ముందు రోజు లైన్లలో ప్రతి ఇంట్లో ఒకే పని జరిగేది. అమ్మ మిరియాలు, బెల్లం కలిపి ఉండ చేసి నాన్న బుగ్గన పెట్టేది. నాన్న గడప మీద కూర్చుని ఊపిరి లోపలికి పీల్చి బిగబట్టేవాడు. అమ్మ ఒకటి, రెండు అని ముప్పై దాకా లెక్కపెట్టేది. దగ్గు తన్నుకొస్తుంటే మెడ నరాలు ఉబ్బి, మొహం ఎర్రబడి, కళ్లలో నీళ్లు తిరిగేవి. బయటికి మాత్రం చప్పుడు వచ్చేది కాదు. ముప్పై దాటితే అమ్మ తల ఊపేది. డాక్టరు ముందు దగ్గితే గని లోపలి నుంచి తీసి, కూలి తక్కువుండే పైపనికి వేస్తారని, ఆ తర్వాత ఇంటికే పంపేస్తారని భయం. అది ఎంతవరకు నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. లైన్లన్నీ నమ్మేవి. నాన్నకు దగ్గు ఉందని బడిలో చెప్పకూడదని మాకు ఊహ తెలిసేనాటికే నేర్పారు. రాళ్ల దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లో టీబీ సులువుగా చేరుతుందని తర్వాత చదువుకున్నాను. మా నాన్న ఎలా పోయాడో అప్పుడు అర్థమైంది.

గని పోయింది, గని డాక్టరు పోయాడు, ఆ అలవాటు మాత్రం పోలేదు. తెల్లకోటు కనబడితే చాలు, మావాళ్ల గొంతు దానంతటదే బిగుసుకుంటుంది.

ఎనిమిదో రోజు మునిరత్నం ట్రాక్షన్ మంచం మీద ఉన్నాడు. బెల్టు కట్టి బరువులు వేశాను. కాసేపటికి ఆయన మెడ నరాలు ఉబ్బాయి, మొహం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊపిరి బిగబట్టి, చాలాసేపటికి మెల్లగా వదిలాడు.

"నొస్తాందా అన్నా?"

"లేదమ్మా. లాగతాండాది, అంతే."

నేను ఇంకో బరువు తగిలించాను. అచ్చం ఆ మొహమే మా గడప మీద ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తెలియక చేశానని చెప్పుకున్నాననే మాట అందుకే రాశాను. నాకు తెలుసు. గుర్తుపట్టే తీరిక చేసుకోలేదు.

మారికుప్పం ప్లాట్‌ఫారం

పది రోజులూ అయ్యాక ఆయన పనికి వెళ్లాడు. నాలుగో రోజు పొద్దున మారికుప్పం స్టేషన్‌లో రైలు మెట్టు మీద కాలు పెట్టబోతే కాలు లేవలేదు. తిమ్మిరి అనుకుని రెండో కాలు ఎత్తబోయాడు. అదీ లేవలేదు. ప్లాట్‌ఫారం మీద అలాగే కూలబడ్డాడు. రోజూ ఆయనతో వెళ్లేవాళ్లు రైలు వదిలేసి, ఎత్తుకుని ఆటోలో వేశారు. ముందు రోజు నుంచి మూత్రం కూడా సరిగా రావడం లేదని కబురంది వచ్చి ఆటో ఎక్కిన గంగమ్మకు చెప్పాడట.

బెంగళూరులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. రెండు వెన్నుపూసలను రోగం తినేసింది. చీము చేరి నరాలను నొక్కుతోంది. ఊపిరితిత్తుల నిండా పాత రాతిదుమ్ము, దాని మీద టీబీ. ఆపరేషను చేశారు. నెలల తరబడి మంచం, ఏడాదికి పైగా మాత్రలు. రోగం లొంగింది, ఎముక అతుక్కుంది. కాళ్లు సగం తిరిగొచ్చాయి, వాకరు పట్టుకుని వీధి చివరిదాకా నడవగలడు. నడుం నొప్పి మాత్రం ఉండిపోయింది. కూర్చున్నా, నిలబడ్డా, పడుకున్నా ఉంది. మళ్లీ ఆయన బెంగళూరు రైలు ఎక్కలేదు.

ట్రాక్షన్ వల్లే కాళ్లు పోయాయా అంటే ఎవరూ తేల్చి చెప్పలేరు. రోగం అప్పటికే ముదిరి ఉంది. కానీ అలాంటి వెన్నును లాగకూడదు, అందులో సందేహం లేదు. బెంగళూరు డాక్టరుతో ఫోనులో మాట్లాడినప్పుడు ఆయన మర్యాదగానే అన్నాడు, "మొదటి రోజే ఒక ఎక్స్‌రే తీసి ఉంటే బహుశా మాత్రలతోనే నిలబడేవాడండీ."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, మీకు పనికొచ్చేది చెబుతాను. నడుము పట్టుకుని ఎవరొచ్చినా నాలుగు సంగతులు అడగండి. నొప్పి నిద్రలోంచి లేపుతోందా, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోందా, బట్టలు వదులయ్యాయా, మూత్రం మామూలుగా వస్తోందా. లేదు అంటే వెంటనే నమ్మకండి. ఇంకో రకంగా అడగండి, ఇంటి నుంచి తోడొచ్చిన మనిషిని అడగండి. పైవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

కార్డులో రాసిన మాట

కబురు తెలిసిన రోజు పెద్దాయన నన్ను గదికి పిలిచారు. ఆయన మొహం కూడా పాలిపోయి ఉంది. "జ్వరం ఉందని గానీ, దగ్గు ఉందని గానీ అతను చెప్పాడా?" అన్నారు.

"చెప్పలేదు సార్."

"అదే కార్డులో రాసిపెట్టు."

నేను నా చేత్తో రాశాను: జ్వరం, దగ్గు లేవని రోగి చెప్పాడు. చెప్పలేదు అనడం వేరు, లేవని చెప్పాడు అనడం వేరు. అడిగి ఉంటే కదా లేవని చెప్పడానికి? ఆ ఒక్క వాక్యంతో మా ఇద్దరి తప్పూ తీసుకెళ్లి మునిరత్నం నెత్తిన పెట్టాను. కొన్నాళ్లకు పెద్దాయన రిటైరై వెళ్లిపోయారు. ఆ కార్డును ఎవరూ మళ్లీ తీసి చూడలేదు. చూస్తారని రెండేళ్లు భయపడ్డాను, తర్వాత ఆ భయం కూడా పోయింది.

సోమవారాలు

మాత్రల కోర్సు అయిపోయాక ప్రతి సోమవారం మునిరత్నం ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాను. ఎవరూ వెళ్లమనలేదు. ఎనిమిదేళ్లు వెళ్లాను, రిటైరయ్యాక కూడా మానలేదు. లైన్లలో అందరూ మెచ్చుకున్నారు. ఎంత మంచి మనసమ్మా అన్నారు. నేను వద్దనలేదు.

ఆ నొప్పితో బతకడం మేమిద్దరం కలిసి నేర్చుకున్నాం. ఈ రోజు నొప్పి ఎంత ఉంది అని అడగడం మానేసి, ఈ వారం ఏం చేశావన్నా అని అడిగేదాన్ని. ఇరవై నిమిషాలకు మించి ఒక భంగిమలో ఉండకూడదని నియమం పెట్టుకున్నాం. వేడి ఇటుకను గుడ్డలో చుట్టి నడుం కింద పెట్టుకునేవాడు. మొదట కొళాయి దాకా, తర్వాత టీ అంగడి దాకా, ఆపైన వీధి చివరిదాకా నడక. బాగున్న రోజున ఎగబడి ఎక్కువ చేయకూడదు, బాగాలేని రోజున పూర్తిగా మంచం పట్టకూడదు. పక్కింటామె మెస్సుకు కూరగాయలు తరిగి ఇచ్చేవాడు, పది నిమిషాలు కూర్చుని, పది నిమిషాలు నిలబడి. నొప్పి తగ్గలేదు, కానీ దినం గడిచేది. "చేతికి పని ఉంటే నడుము స్వల్ప మరిసిపోతాదమ్మా," అనేవాడు.

ఆ ఇంట్లో మరవనిది గంగమ్మ. ప్రతి సోమవారం నాకు కాఫీ తెచ్చిచ్చి, తలుపుకు ఆనుకుని నిలబడి, అదే మాట అనేది. "దాచిపెట్టుకున్నాడమ్మా. సాయంత్రమైతే జ్వరం, పండుకుంటే దగ్గు, నీ దగ్గరికొచ్చి నోరు మూసుకున్నాడు. నీకొక్క మాట చెప్పింటే ఇంత అయ్యేదా? చేతులారా చేసుకోని నా నెత్తిన కూర్చున్నాడు."

ఆయన తల దించుకుని, "అవునమ్మా, నాదే తప్పు," అనేవాడు.

నేను కాఫీ తాగేదాన్ని. ఎనిమిదేళ్లు, వారానికోసారి, ఆ మాట విని కాఫీ తాగాను. నోరు తెరవాలని ప్రతిసారీ అనుకునేదాన్ని. వచ్చే వారం చెబుదామని లేచి వచ్చేదాన్ని. రెండో తప్పు ఇదే. ట్రాక్షన్ పది రోజుల పని. ఇది ఎనిమిదేళ్లు చేశాను.

ఒక సోమవారం గంగమ్మ కాఫీ ఇచ్చి, ఎప్పుడూ అనే మాట అనేసి లోపలికి వెళ్లాక, ఆయన గొంతు తగ్గించి అన్నాడు, "నొప్పి ఎట్లనో ఓర్చుకుంటానమ్మా. అది నాకు అలవాటైపోయినాది. ఆయమ్మ మాటే ఓర్చుకోలేకుండా ఉండాను. తప్పు నాదే గదా, ఇంగ ఏమని ఎదురు చెప్పేది?"

అప్పుడు చెప్పాను. అన్నీ చెప్పాను. తువ్వాలు తీయించిన రోజు ఆయన వెన్ను అప్పటికే పోయిందని, గుర్తుపట్టాల్సింది నేనని, దగ్గు బిగబట్టిన మొహాన్ని పుట్టినప్పటి నుంచి చూసినదాన్నని, జ్వరం దగ్గు ఉన్నాయా అని ఒక్కసారీ అడగలేదని, అడిగినట్టు కార్డులో రాశానని.

ఆయన వాకరును దగ్గరికి లాక్కుని పిడి పట్టుకున్నాడు. తర్వాత, "ఆ పొద్దు చెప్పాలనే వచ్చినానమ్మా," అన్నాడు. "జ్వరం సంగతి డాక్టరమ్మకు చెప్పకుండా ఇంటికి రావద్దని ఆయమ్మ ఒట్టేయించుకోని పంపించె. సరే, చివర్లో చెప్తామని కూర్చోని ఉంటి. నువ్వు అందరి ముందర నన్ను నిలబెట్టి, ఇట్ల వంగాల, ఈయప్పను చూసి నేర్చుకోండి అంటివి. అందరూ చప్పట్లు కొట్టిరి. ఇంగ నాకు రోగముండాదని ఏ నోటితో చెప్పేది?"

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదమ్మా?"

"భయమేసిందన్నా."

"మాకు భయమంటే అర్థముండాది. పని పోతాదని దగ్గు దాచినాము. నీకేం భయం? నీదేం పోతాది?" గొంతు పెంచలేదు. "ఆయమ్మ నన్ను తిడతా ఉంటే, నువ్వు ఈడనే కూర్చోని కాఫీ తాగితివి గదా."

"తాగినాను."

"నాకు గాదు చెప్పేది. పో. లోపల ఉండాది. ఆయమ్మకు చెప్పు."

వంటింట్లో

గంగమ్మ రాగి సంగటి కెలుకుతోంది. నేను గోడకు ఆనుకుని నిలబడి, ఆయనకు చెప్పిందంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆమె కెలకడం ఆపలేదు. ఉండలు కట్టకుండా కెలికి, గిన్నె దించి, మూత పెట్టి, అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వు అడగనే లేదా?"

"అడగలేదు వదినా."

"మీ నాయన కూడా దగ్గు దాచినోడే గదా. నీకు తెలీదా?"

"తెలుసు."

నన్ను తిడుతుందని నిలబడ్డాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంది, ఒక చేతిని తుడిచి, మళ్లీ అదే చేతిని తుడిచింది. "ఆయప్ప తినే ప్రతి ముద్దకీ తిడితిని," అంది. నాతో అన్నట్టు లేదు. నా పక్క నుంచి బయటికి వెళ్లిపోయింది.

నేను కాసేపు అక్కడే ఉన్నాను. బయటి నుంచి మాటలు వినిపిస్తాయని చూశాను, వినిపించలేదు. బయటికి వచ్చేసరికి ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. గంగమ్మ అరచెయ్యి ఆయన నడుం మీద, ఆపరేషను మచ్చ ఉన్న చోట ఆనించి ఉంది. ఎనిమిదేళ్లలో ఆమె ఆ నడుమును ముట్టుకోవడం నేను చూడలేదు. ఆయన ఏడుస్తున్నాడు. దగ్గు కూడా వస్తోంది, ఆపుకోవడం లేదు.

వాళ్లిద్దరూ నా వైపు చూడలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను. మరుసటి సోమవారం నుంచి ఆ ఇంటికి వెళ్లలేదు. రావద్దని వాళ్లు అనలేదు. రమ్మని కూడా కబురు చేయలేదు.